మైదానానికి ముగ్గు పోసే చేయి

నాలుగు వందల మీటర్ల పరుగులో రెండో లేన్‌లో ఉన్నవాడు మొదటి లేన్ వాడికంటే 7 మీటర్ల 4 సెంటీమీటర్లు ముందు నిలబడతాడు. మూడో లేన్ వాడు 14 మీటర్ల 70 సెంటీమీటర్లు ముందు. ఎనిమిదో లేన్ వాడైతే ఏకంగా 53 మీటర్ల 3 సెంటీమీటర్లు ముందు. మొదటిసారి చూసిన పిల్లలు ‘ఇదేం అన్యాయం సార్’ అంటారు. న్యాయమంతా ఆ తేడాలోనే ఉంది. వంపు తిరిగేచోట బయటి లేన్ పొడవు ఎక్కువ. ఆ ఎక్కువను ముందే కొలిచి తగ్గిస్తే తప్ప ఎనిమిది మందీ ఒకే దూరం పరిగెత్తరు. తుపాకీ పేలడానికి ఎంతో ముందు, ఎవరూ లేని మైదానంలో ఒక మనిషి నడుం వంచి, టేపు పట్టి, ఆ న్యాయాన్ని నేల మీద గీసి వెళ్లాడు. గెలిచినవాడి పేరు మర్నాడు పేపర్లో వస్తుంది. గీసినవాడి పేరు రాదు.

ఆ గీసిన మనిషి పనితనం గురించే ఈ పరిచయం. కాగితాల మీద ఆయన హోదా డైరెక్టర్ ఆఫ్ ఫిజికల్ ఎడ్యుకేషన్. బడిలో పీఈటీ, కాలేజీలో పీడీ సార్, యూనివర్సిటీలో స్పోర్ట్స్ డైరెక్టర్. మా పెద్దవాళ్లకు ఆయన డ్రిల్లు మాస్టారు. ఇల్లు కట్టేముందు మేస్త్రీ చేసే పనికీ, పోటీకి ముందు పీడీ చేసే పనికీ మన భాషలో ఒకటే మాట: ముగ్గు పోయడం. గోడలు లేచాక పునాది ముగ్గు కనబడదు. ఆట మొదలైన పావుగంటకు కోర్టు గీత కాళ్లకింద సగం చెరిగిపోతుంది. కానీ ఆ ముగ్గు వంకరగా పడితే ఇల్లూ నిలవదు, ఆటా నిలవదు.

ఈ పని విలువ నాకు బాగా తెలిసివచ్చింది గచ్చిబౌలి, మాదాపూర్ వైపు తిరిగేటప్పుడే. హైటెక్ సిటీ దారుల్లో ఉద్యోగాలు మారినంత వేగంగా మన రాష్ట్రంలో ఇంకెక్కడా మారవు. రెండేళ్లు ఒకచోట ఉంటే ‘ఇంకా అక్కడేనా’ అని అడుగుతారు. ఆ అద్దాల మేడల పక్కనే 1974లో పుట్టిన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఉంది. 1998లో వచ్చిన ట్రిపుల్ ఐటీ ఉంది, అదే ఏడాది మొదలైన మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీ ఉంది. 2002 జాతీయ క్రీడల కోసం కట్టిన జీఎంసీ బాలయోగి స్టేడియం ఉంది. ఇన్ని మైదానాలున్న ఈ దారిలో, ఒకచోట ఉండిపోతేనే పండే వృత్తి ఒకటుందని చెప్పాలనిపించింది.

తాడు, మేకు, ముగ్గు

నేను చదివింది జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీ. అక్కడి పీడీ సార్ మాకు మొదట ఆట నేర్పలేదు, తాడు పట్టుకోవడం నేర్పారు. తాడుకు మూడు మీటర్ల దగ్గర ఒక ముడి, అక్కణ్నుంచి నాలుగు మీటర్లకు ఇంకో ముడి, ఆ పైన అయిదు మీటర్లకు మూడో ముడి. ముడుల దగ్గర మేకులు దిగ్గొట్టి తాడు బిగిస్తే మూల తనంతట తాను నిటారుగా కుదురుతుంది. లెక్కల క్లాసులో బోర్డు మీద చూసిన లంబకోణం మాకు నేల మీద చేతికి తగిలింది అప్పుడే.

వాలీబాల్ కోర్టు 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు. నాలుగు భుజాలూ సరిపోయాయని ఆయన ఊరుకునేవారు కాదు. మూల నుంచి మూలకు టేపు వేయించేవారు. 20 మీటర్ల 12 సెంటీమీటర్లు రావాలి. రెండు కర్ణాలూ సమానంగా రాకపోతే కోర్టు ఒకవైపు ఒరిగిందని లెక్క. గీతలన్నీ చెరిపి మళ్లీ మొదలు. మగవాళ్ల కబడ్డీ కోర్టు 13 మీటర్లకు 10 మీటర్లు. దాని కర్ణం 16 మీటర్ల 40 సెంటీమీటర్లు. నడి గీత నుంచి మూడు మీటర్ల 75 సెంటీమీటర్ల దగ్గర బాక్ లైన్, అక్కడికి ఇంకో మీటరు అవతల బోనస్ లైన్. రైడర్ కాలు ఆ బోనస్ గీత దాటిందా లేదా అన్నదాని మీద ఒక్కోసారి ఫైనల్ తేలుతుంది. అర అంగుళం తప్పు గీస్తే ఒక పిల్లవాడి ఏడాది కష్టం తప్పుతుంది.

అసలు పరీక్ష పరుగు ట్రాక్ దగ్గర. అంతర్జాతీయ కొలతల ట్రాక్‌కు వంపు వ్యాసార్ధం 36 మీటర్ల 50 సెంటీమీటర్లు, ఒక్కో సరళ భాగం 84 మీటర్ల 39 సెంటీమీటర్లు, లేన్ వెడల్పు 122 సెంటీమీటర్లు. పరిగెత్తేవాడు లోపలి అంచున ఉన్న అడ్డుగట్టు మీద కాలు వేయడు కదా. అందుకని మొదటి లేన్ దూరాన్ని అంచు నుంచి 30 సెంటీమీటర్లు బయటికి కొలుస్తారు. మిగతా లేన్లకు అడ్డుగట్టు ఉండదు, ఉత్త గీతే ఉంటుంది కాబట్టి 20 సెంటీమీటర్లు చాలు. రెండో లేన్ వాడి ఏడు మీటర్ల నాలుగు సెంటీమీటర్లు ఆ లెక్కలోంచి వచ్చినవే. ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చేది, కొలత మనిషి పాదాన్ని గమనించి పుట్టడం. నేలను కాదు, నేల మీద పరిగెత్తేవాణ్ని చూసి లెక్క కట్టారు.

మన కాలేజీలకు అంత జాగా ఎక్కడిది? చాలాచోట్ల ఉన్నది 200 మీటర్ల ట్రాక్‌కు సరిపోయే నేల. అక్కడ పుస్తకంలో కొలత సిద్ధంగా దొరకదు, పీడీయే కట్టుకోవాలి. వ్యాసార్ధం 18 మీటర్లు అనుకుంటే, పరుగు దారి 18.30 దగ్గర పడుతుంది, రెండు వంపులూ కలిపి 114.98 మీటర్లు. మిగిలిన 85.02ను సగం చేస్తే ఒక్కో సరళ భాగం 42.51 మీటర్లు. ఆరు లేన్లు కావాలంటే నేల పొడవు 93 మీటర్లకు పైన, వెడల్పు 50 మీటర్లకు పైన ఉండాలి. ఒక మూల వేపచెట్టు అడ్డొస్తే? చెట్టు కొట్టించడు. వ్యాసార్ధం తగ్గించి, సరళ భాగం పెంచి, లెక్క మళ్లీ కడతాడు. తన నేలకు తగ్గ ట్రాక్‌ను కనిపెట్టడమంటే దర్జీ ఒంటికి తగ్గట్టు బట్ట కత్తిరించినట్టే.

ఆ తర్వాత తెల్ల పొడి. సున్నం చౌక, కానీ పడ్డవాడి చర్మం మండుతుంది, కంట్లో పడితే ప్రమాదం. అందుకే తెలిసిన పీడీ సున్నం వాడడు, రాతి ముగ్గు తెప్పిస్తాడు. ముగ్గు ఎండిన నేల మీద ఎగిరిపోతుంది, తడి ఎక్కువైతే ముద్దకడుతుంది. సాయంత్రం నీళ్లు చల్లించి, రాత్రి ఆరనిచ్చి, తెల్లవారుజామున గాలి లేవకముందే గీస్తే గీత నిలుస్తుంది. ఎంత నీరు, ఏ గంటకు అన్నది ఆ నేల మట్టిని బట్టి ఉంటుంది. గచ్చిబౌలి వైపు మొరం నేలకూ, కోస్తాలో నల్లరేగడికీ ఒకే లెక్క పనికిరాదు. ఈ సంగతి ఏ సిలబస్‌లోనూ ఉండదు. ఆ నేల మీద రెండు మూడు వానాకాలాలు గడిపినవాడికే తెలుస్తుంది.

కాగితం మీద పోటీ

గీతల తర్వాత ఫిక్స్చర్. పోటీల పట్టిక గీయడం తెలిసిన పీడీ ఎదురుగా కూర్చుంటే పొద్దు తెలియదు.

పంతొమ్మిది కాలేజీల జట్లు వచ్చాయనుకోండి. ఓడినవాడు ఇంటికి పోయే నాకౌట్ పద్ధతిలో ఎన్ని ఆటలు? ఒక్క జట్టు తప్ప అందరూ ఓడాలి కాబట్టి పద్ధెనిమిది. ఇంత తేలికైన లెక్క ఇంకొకటి లేదు. చిక్కు బైల దగ్గర వస్తుంది. జట్లు రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు, ముప్పై రెండు ఇలా ఉంటేనే జతలు సరిగ్గా కుదురుతాయి. పంతొమ్మిదికి పైనున్నది ముప్పై రెండు. తేడా పదమూడు. అంటే పదమూడు జట్లకు మొదటి రౌండు ఆడకుండానే దారి. మిగిలిన ఆరు మూడు ఆటలాడతాయి. ముగ్గురు గెలిచి, పదమూడుతో కలిసి పదహారవుతారు. పై సగంలో పది జట్లు, కింది సగంలో తొమ్మిది. పైన ఆరు బైలు, కింద ఏడు. మొదటి బై కింది సగంలో అట్టడుగు జట్టుకు, రెండోది పై సగంలో మొదటి జట్టుకు, మూడోది కింది సగం మొదటిదానికి, నాలుగోది పై సగం చివరిదానికి. అలా పంచుకుంటూ పోతే బరువు రెండు వైపులా సమంగా పడుతుంది.

కిందటేడు సెమీస్ దాకా వచ్చిన నాలుగు జట్లను నాలుగు పావుల్లో విడివిడిగా పెడతారు, మిగిలిన వాటికి లాట్ తీస్తారు. మంచి పీడీ ఆ లాట్‌ను నలుగురి ఎదుట, చిన్న జట్టు మేనేజర్ చేత తీయిస్తాడు. చీటీలో ఏమొచ్చినా తర్వాత గొడవ ఉండదు. పట్టిక గీయడం తెలియనివాడు ఇద్దరు బలవంతులను మొదటి రోజే ఎదురెదురు పెట్టేస్తాడు, ఫైనల్ రోజు మైదానం చప్పగా ఉంటుంది. తెలిసినవాడి పట్టికలో ఆట ఒక్కో మెట్టూ ఎక్కుతుంది. మంచి కథ నడక ఎలా ఉంటుందో ఆ పట్టిక నడక అలా ఉంటుంది.

లీగ్ పద్ధతిలో అందరూ అందరితో ఆడాలి. నాలుగు జట్లకు ఆరు ఆటలు, ఎనిమిదికి ఇరవై ఎనిమిది, పదహారుకు నూట ఇరవై. అన్నం పెట్టాలి, పడక చూడాలి, రిఫరీలకు డబ్బులివ్వాలి, మూడు నాలుగు రోజుల్లో ముగించాలి. అందుకే అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో రెండు పద్ధతులూ కలిపారు. నాకౌట్‌తో నాలుగు జట్లకు కుదించి, ఆ నాలుగింటినీ లీగ్ ఆడిస్తారు. ఖర్చు అదుపులో ఉంటుంది, ఒక్క చెడ్డ రోజు వల్ల మంచి జట్టుకు అన్యాయం జరగదు. ఈ కూర్పును నేను ఎప్పుడు చూసినా పొదుపరి ఇల్లాలి వంటిల్లు గుర్తొస్తుంది.

ఒక్క సంతకం విలువ

యూనివర్సిటీ జట్టు పోటీకి వెళ్లడమంటే బస్సెక్కడం కాదు. మన దేశంలో విశ్వవిద్యాలయాల ఆటలను నడిపేది భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం. 1925లో ఇంటర్ యూనివర్సిటీ బోర్డుగా మొదలైన సంస్థ అది. 1935-36 నుంచి క్రికెట్‌కు రోహింటన్ బారియా ట్రోఫీ, 1956-57 నుంచి అన్ని ఆటల్లో కలిపి మేటి అయిన యూనివర్సిటీకి మౌలానా అబుల్ కలాం ఆజాద్ ట్రోఫీ ఉన్నాయి. మనం సౌత్ జోన్‌లో ఆడి, అందులో ముందు నిలిస్తే అఖిల భారత పోటీలకు వెళతాం.

ఆ దారిలో అడుగు పెట్టాలంటే ఎలిజిబిలిటీ ఫారం కావాలి. వయసు పదిహేడుకు పైన, పాతికకు లోపల. ఇంటర్ ఎప్పుడు పాసయ్యాడు, ఇప్పుడు ఏ కోర్సు, ఏ సంవత్సరం, ఈ ఏడు వేరే యూనివర్సిటీకి ఆడాడా, ఫొటో మీద ఎవరి సంతకం. పన్నెండు మంది జట్టులో ఒక్కడి కాగితం తేడా వస్తే జట్టు మొత్తం పోటీ నుంచి బయటికి. గెలిచిన ఆటలూ పోతాయి. అందుకని పని తెలిసిన పీడీ జూన్, జులైలోనే మెమోలు పోగుచేస్తాడు. అక్టోబరులో సెలక్షన్స్ అయితే ఆయన ఫైలు ఆగస్టుకే సిద్ధం.

ఆ పైన రైలు రిజర్వేషన్. టీఏ, డీఏ బిల్లులు. అమ్మాయిల జట్టు వెంట మహిళా మేనేజర్. బస చేసే హాస్టల్‌లో బాత్రూముకు గడియ ఉందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోవడం. కిట్లు పంచి, సంతకాలు తీసుకుని, స్టాక్ రిజిస్టర్‌లో రాయడం. కూతురు మొదటిసారి ఊరు దాటుతుంటే భయపడే తల్లికి ‘నేనున్నానమ్మా, జాగ్రత్తగా తెచ్చి అప్పజెబుతా’ అని మాటివ్వడం. ఈ చివరిది ఏ ఫారంలోనూ ఉండదు. తెలుగు నేలలో ఎందరో ఆడపిల్లలు మైదానం చూసింది ఆ ఒక్క మాట మీదే.

ఈ ఉద్యోగానికి ఇంకో ప్రత్యేకత ఉంది. లెక్చరర్ కావాలంటే పరిగెత్తనక్కర్లేదు, పీడీ కావాలంటే పరిగెత్తాలి. యూజీసీ నిబంధనల ప్రకారం ముప్పై ఏళ్ల లోపు పురుషులు పన్నెండు నిమిషాల్లో 1800 మీటర్లు, నలభై లోపువారు 1500 మీటర్లు పూర్తిచేయాలి. స్త్రీలకు ఎనిమిది నిమిషాలు, ముప్పై లోపు వారికి 1000 మీటర్లు. చదువూ ఒళ్లూ రెండూ చూపించాకే ఆ కుర్చీ.

చూసే కన్ను

ఇవన్నీ నేర్చుకుంటే వచ్చేవి. కాలం గడిస్తే తప్ప రానిది కన్ను.

కొత్త బ్యాచ్ చేరిన వారం పీడీ సార్ ఊరికే వరండాలో నిలబడి ఉంటారు. బస్సు వెంట పరిగెత్తే పిల్ల అడుగు ఎంత దూరం పడుతోంది, గోడ దూకే కుర్రాడు ఏ కాలి మీద దిగుతున్నాడు, బరువు సంచి మోసేవాడి భుజం ఒరుగుతోందా లేదా. పిలిచి పేరడుగుతారు. వరంగల్ జిల్లా కల్లెడలో జీవంజి దీప్తి అనే అమ్మాయి పరుగును మొదట పట్టుకున్నది బడిలో పీఈటీ కన్నే. ఆ అమ్మాయి హైదరాబాద్ వచ్చి, కోచ్ నాగపురి రమేశ్ దగ్గర తయారై, 2024లో పారిస్ పారాలింపిక్స్ 400 మీటర్లలో కాంస్యం తెచ్చింది. అదే రమేశ్ దగ్గర హైదరాబాద్‌లోనే సాధన చేసిన ఒడిశా విద్యార్థిని ద్యుతీ చంద్ 2019లో నేపుల్స్‌లో జరిగిన ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడల్లో 100 మీటర్లను 11.32 సెకన్లలో పరిగెత్తి బంగారం గెలిచింది. ప్రపంచమంతా విశ్వవిద్యాలయ క్రీడలంటే ఎంత పెద్ద మెట్టో ఆ పతకం మనకు చూపించింది.

గచ్చిబౌలిలో 2008లో బాడ్మింటన్ అకాడమీ మొదలుపెట్టిన పుల్లెల గోపీచంద్ కూడా యూనివర్సిటీ ఆటలోంచి వచ్చినవాడే. 1990, 1991ల్లో భారత విశ్వవిద్యాలయాల సంయుక్త జట్టుకు కెప్టెన్. 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు. ఆ తర్వాత అకాడమీ కోసం ఇల్లు తాకట్టు పెట్టాడు. ఒలింపిక్స్‌లో సైనా 2012 కాంస్యం, సింధు 2016 రజతం ఆ కోర్టుల చుట్టూ అల్లుకున్న కథలే. ఆయన విజయరహస్యం ఏమిటని చాలామంది అడుగుతారు. నాకు కనబడినంతలో అది ఒకే మైదానాన్ని పట్టుకుని, తెల్లవారకముందే అక్కడుండి, ఏళ్ల తరబడి ఉండిపోవడం.

రహీం సాబ్ పనితనం

ఈ వృత్తికి మన నేల మీద పెద్ద వంశమే ఉంది. సర్కస్ బలప్రదర్శనలతో దేశదేశాల్లో పేరు తెచ్చుకోకముందు కోడి రామ్మూర్తి నాయుడు మద్రాసు సైదాపేటలో శిక్షణ పొంది, విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేశారు. 1920లో హ్యారీ క్రో బక్ మద్రాసులో వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాల పెట్టాక మన జిల్లాల నుంచి ఎందరో అక్కడ చదివి వచ్చి కాలేజీల్లో పీడీలయ్యారు.

కానీ ఈ పనిలో శిఖరం చూడాలంటే సయ్యద్ అబ్దుల్ రహీం దగ్గరికి పోవాలి. 1909లో పుట్టారు. ఉస్మానియాలో బీఏ చేసి, వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది, హైదరాబాద్ బడుల్లో పాఠాలు చెప్పారు. ఒకవైపు నగర ఫుట్‌బాల్ సంఘం వ్యవహారాలు, ఇంకోవైపు సిటీ పోలీస్ జట్టు శిక్షణ. పోటీలు పెట్టేదీ ఆయనే, ఆటగాణ్ని తయారుచేసేదీ ఆయనే. సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది.

ఆయన పనితనం చూడండి. మన కుర్రాళ్లకు బంతి దొరికితే వదలరు, డ్రిబ్లింగ్ ముద్దు. రహీం సాబ్ ఉపన్యాసం ఇవ్వలేదు. డ్రిబ్లింగ్ నిషేధించిన టోర్నమెంట్ పెట్టారు. పాస్ ఇవ్వక తప్పదు. అందరూ కుడికాలితోనే తంతున్నారా? చేతకాని కాలితోనే ఆడాల్సిన టోర్నమెంట్ పెట్టారు. పొట్టివాళ్లకు చోటు దొరకడం లేదా? అయిదడుగుల లోపు వాళ్లకు వేరే టోర్నమెంట్. లోపాన్ని నిబంధనగా మార్చి, నిబంధనను అలవాటుగా మార్చారు. పాఠం చెప్పకుండానే పాఠం నేర్పే ఈ ఉపాయం బడిపంతులుకే తడుతుంది. నిర్వాహకుడి చేతిలో ఉన్న పోటీల పట్టికను శిక్షకుడి పనిముట్టుగా వాడుకోవడం ఆయన సొంతం.

భారత జట్టు ఆయన చేతుల్లో 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో బంగారం గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో తలకు కుట్లు పడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ఆయన ఫార్వర్డ్‌గా దించారు. సెమీఫైనల్లోనూ, ఫైనల్లోనూ జర్నైల్ గోల్ కొట్టాడు. దక్షిణ కొరియా మీద 2-1తో బంగారం మనది. అప్పటికే రహీం సాబ్‌ను ఊపిరితిత్తుల క్యాన్సర్ తినేస్తోంది. 1963 జూన్ 11న వెళ్లిపోయారు. ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్లీ బంగారం రాలేదు. 1970లో ఒక కాంస్యం, అంతే. 2024లో వచ్చిన ‘మైదాన్’ సినిమా ఆయన్ను కొత్త తరానికి గుర్తుచేసింది. కానీ ఆయన చేసిన పని పద్ధతిని ఎవరో ఒకరు పక్కన కూర్చుని నేర్చుకుని, రాసిపెట్టుకుని ఉంటే ఆ అరవై ఏళ్లు ఇలా గడిచేవా అని నాకు దిగులుగా ఉంటుంది.

ఉండిపోవడం

ఇక్కడే అసలు మాట. ఈ పనిలో నైపుణ్యం మనిషి వెంట ఉంటుంది. మనిషి మారితే అది పోతుంది.

మన పిల్లలు చదువుకు వెళ్లే అమెరికాలో యూనివర్సిటీ స్పోర్ట్స్ డైరెక్టర్ పెద్ద వ్యాపార సంస్థ అధిపతితో సమానం. టీవీ హక్కులు, విరాళాలు, కోచ్‌ల జీతాలు ఆయన బల్ల మీదే తేలాలి. 2025లో ఒక కోర్టు ఒప్పందం తర్వాత ఒక్కో యూనివర్సిటీ ఏడాదికి సుమారు రెండు కోట్ల అయిదు లక్షల డాలర్ల దాకా నేరుగా ఆటగాళ్లకే పంచే వీలు కలిగింది. అంత ఒత్తిడిలో ఆ కుర్చీలో ఎక్కువకాలం నిలవడం కష్టం. మిషిగన్ యూనివర్సిటీనే తీసుకోండి. 1921 నుంచి 1988 దాకా అరవై ఏడేళ్లలో అక్కడ పనిచేసింది ముగ్గురే డైరెక్టర్లు: యోస్ట్, క్రిస్లర్, కానమ్. ఆ తర్వాత 2016 దాకా ఇరవై ఎనిమిదేళ్లలో ఏడుగురు మారారు.

ఆ ముగ్గురిలో మొదటివాడు ఫీల్డింగ్ యోస్ట్ చేసిన ఒక పని నన్ను కదిలించింది. 1927లో స్టేడియం కట్టినప్పుడు, ముందు ముందు లక్ష మందికి పైగా కూర్చునేలా పెంచుకోవడానికి వీలుగా పునాదులు వేయించాలని పట్టుబట్టాడు. ఇప్పుడు ఆ స్టేడియంలో 1,07,601 మంది కూర్చుంటారు. తాను చూడబోని జనం కోసం పునాది తవ్వించాడు. ఈ ఊళ్లో నేను ఉండిపోతాను అనుకున్నవాడికే అలాంటి ఆలోచన వస్తుంది.

మన దగ్గర కథ వేరు. ఇక్కడ ఒత్తిడితో కుర్చీ ఖాళీ కాదు, రిటైర్మెంట్‌తో ఖాళీ అయి అలాగే ఉండిపోతుంది. వేరే శాఖ అధ్యాపకుడికి అదనపు బాధ్యత అప్పగిస్తారు, లేదా ఏడాది కాంట్రాక్టుపై ఒకరిని తీసుకుంటారు. వాళ్లు మంచివాళ్లే, కష్టపడేవాళ్లే. కానీ వచ్చే ఏడు ఉంటామో లేదో తెలియనివాడు వ్యాసార్ధం మార్చి కొత్త ట్రాక్ ఎందుకు వేస్తాడు? మొదటి ఏడు పిల్లను చూసి మూడో ఏటికి జట్టులోకి తెచ్చే ఓపిక ఎవరికుంటుంది? మా కాలేజీలో మా సార్ రిటైరయ్యాక నాలుగేళ్లలో ముగ్గురు మారారు. ఇప్పుడు ఆ మైదానంలో తూర్పు మూల వాననీరు నిలుస్తుంది. ఏ వాలుకు కాలువ తీయాలో సార్‌కు తెలుసు. ఆయన ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

అదే సమయంలో గచ్చిబౌలి వైపు కొత్త ఆశ కూడా ఉంది. 2002 జాతీయ క్రీడల తర్వాత 2003లో ఆఫ్రో ఆసియా క్రీడలు, 2007లో ప్రపంచ సైనిక క్రీడలు, 2009లో ప్రపంచ బాడ్మింటన్ పోటీలు చూసిన నేల అది. ఆ పెద్ద మీట్‌లు వచ్చి పోతాయి. మన దగ్గర ఏ మీట్ జరిగినా టేపు పట్టేది, జెండా ఊపేది, లాంగ్‌జంప్ గుంట దగ్గర ఎండలో కూర్చునేది ఎక్కువగా పీఈటీలు, పీడీలే. 2024 డిసెంబరులో తెలంగాణ శాసనసభ వ్యాయామ విద్యకూ, క్రీడలకూ ప్రత్యేక విశ్వవిద్యాలయం బిల్లును ఆమోదించింది. పతకాలు తెచ్చే ఆటగాళ్లనే కాదు, వాళ్లకు గీత గీసే చేతులను కూడా అది తయారుచేయాలి.

అందుకు మూడు పనులు చాలు. ప్రతి కాలేజీలో పీడీ పోస్టు శాశ్వతంగా నింపాలి. పాత పీడీ రిటైరయ్యే ముందు ఒక పూర్తి సీజను కొత్తవారు ఆయన పక్కన ఉండి పనిచేయాలి, జూన్‌లో మెమోల దగ్గర నుంచి ఫిబ్రవరిలో చివరి బిల్లు దాకా. మూడోది, ప్రతి మైదానానికీ ఒక రిజిస్టర్ ఉండాలి. కొలతలు, వాలు, నీళ్ల లెక్క, ఏ మూల గట్టిది, ఏ మూల మెత్తనిది, ఎవరు బాగా పరిగెత్తారు, ఎందుకు మధ్యలో మానేశారు. నాలుగు నోటు పుస్తకాలు, కొంత శ్రద్ధ. అంతకు మించి ఖర్చు లేదు.

ఈసారి మీ పిల్లల కాలేజీ స్పోర్ట్స్ డేకి వెళితే ఆటకంటే ఒక గంట ముందు వెళ్లండి. ముగ్గు చేతులతో ట్రాక్ అంచున తిరుగుతున్న మనిషి కనిపిస్తారు. నమస్కారం పెట్టి ఒక్క ప్రశ్న అడగండి: ‘సార్, మీరు ఈ మైదానంలో ఎన్నేళ్లుగా ఉన్నారు?’ పది దాటిందని చెబితే సంతోషించండి. దాటలేదంటే, ఆయన్ను పదేళ్లు అక్కడే ఉంచమని ప్రిన్సిపాల్‌కు ఒక ఉత్తరం రాయండి.